కుట్టుమిషను గుర్తుకు పడిన ఓటు

డిగ్రీ ఫలితాలు వచ్చేసరికి నేను నరసాపురం రేవు దాటే పంటు మీద ఉన్నాను. పంటు నడి ఏట్లోకి వచ్చాక ఫోన్లో సిగ్నల్ పోతుంది, అవతలి గట్టు దగ్గరపడితే గానీ మళ్ళీ రాదు. ఆ రోజు మాత్రం సరిగ్గా గోదావరి మధ్యలో ఫోన్ మోగింది. ఫస్టు క్లాసు. ఎవరికైనా చెప్పకపోతే ఊపిరి ఆగిపోయేలా ఉంది. పక్కన కోళ్ళ గంప పెట్టుకుని నిలబడ్డ ముసలావిడకి చెప్పేశాను. మా ఇంట్లో డిగ్రీ నేనే మొదట, మా ఊళ్ళో కూడా నేనే మొదట అన్నాను. ఆవిడ నవ్వి మీ ఊరేదమ్మా అని అడిగింది. చెప్పాను.

"అదింకా ఉందా? ఏట్లో కలిసిపోయిందన్నారే" అంది.

ఉందండి అన్నాను. ఇంకా ఉంది. నా సంతోషంలో ఆ మాట అప్పుడు తగల్లేదు.

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఊరు ఉన్న పాత నియోజకవర్గం పేరు కూడా రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక మీద ఉన్న చేపలవాళ్ళ ఊరు అని మాత్రం అనుకోండి. మా చిన్నప్పుడు మా ఇంటికీ ఏటికీ మధ్య నాలుగు వరసల ఇళ్ళుండేవి. ఇప్పుడు ఒకటే ఉంది.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి మా మేడం ఎవరి ఊరి విషయం వాళ్ళు రాయమన్నారు. ఒకమ్మాయి లేసు అల్లిక తీసుకుంది, ఇంకో అబ్బాయి కొవ్వూరు రైలు వంతెన తీసుకున్నాడు. నేను రద్దయిపోయిన మా శాసనసభ నియోజకవర్గం తీసుకున్నాను. లేని దాని గురించి ఏం రాస్తావే అని క్లాసంతా నవ్వారు. నాకు మాత్రం అది లేనిదిగా ఎప్పుడూ అనిపించలేదు. మా ఇంట్లో ఇప్పటికీ "మన సీటు" అంటే అదే. ఇప్పుడు మేమున్నదాన్ని "వాళ్ళ సీటు" అంటారు.

అది చిన్న సీటు. సముద్రం వార ఊళ్ళు, లంకలు, ఉప్పు నేలలు కలిపి గీసినది. అందులో మా వాళ్ళ ఓట్లు ఎంతుండేవంటే, ఏ పార్టీ అభ్యర్థి అయినా చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె పైకెత్తి, మోకాలి లోతు బురదలో మా ఊరికి నడిచి రావాల్సిందే. మా పెదతాత, అంటే మా తాతయ్య అన్నగారు, ఊరి పెద్ద. వలలు బాగుచేసే పాకలో చాప పరిచి వాళ్ళని కూర్చోబెట్టి, బురద ఆరేదాకా మాట్లాడనిచ్చేవాడు కాదట. బురద కాళ్ళకి ఆరితే గానీ మీకు మా బాధ ఎక్కదని చెప్పేవాడట. ఏటి కోతకి అడ్డంగా వేసిన రాళ్ళ కట్ట ఆ సీటు ఉన్న రోజుల్లోనే మొదలైంది. పైఊరి దాకా వచ్చింది. తరవాత నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీశారు. రెండు వేల నాలుగు ఎన్నికలే మా సీటుకి ఆఖరివి. సగం ఊళ్ళు అటు, సగం ఊళ్ళు ఇటు వేశారు. మేం ఒక పెద్ద సీటుకి తోకలో పడ్డాం. రాళ్ళ కట్ట పైఊరిలోనే ఆగిపోయింది. ఇప్పుడు అభ్యర్థులు ఏటిగట్టు మీద వ్యాన్ ఆపి, మైకులో మా ఊరి పేరు ఒకసారి పలికి తిరిగి వెళ్ళిపోతారు.

ఆ సీటు ఉన్నన్నాళ్ళూ మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. పోలింగుకి ముందు రోజు పెద్దలు పాకలో కూర్చుని ఎవరికి వెయ్యాలో తేల్చేవారు. తేలాక గంగమ్మ ముందు ఒక వల పరిచేవారు. ఇంటికొక మగమనిషి వచ్చి ఆ వల అంచు పట్టుకుని, మా ఇంటి ఓట్లన్నీ ఆ గుర్తుకే అని ఒట్టు వేసేవాడు. ఆడవాళ్ళ తరఫున కూడా అతనే. వల మీద వేసిన ఒట్టు తప్పితే, వేసినవాడిని నీళ్ళే అడుగుతాయని మా వాళ్ళ నమ్మకం. కొత్త సీటులోకి వెళ్ళాక ఊళ్ళో రెండు పార్టీలయ్యాయి, ఆ ఒట్టు పోయింది. అందుకే ఆ ఆఖరి ఎన్నికంటే మా వాళ్ళకి అంత గొప్ప. ఊరంతా ఒక్క చెయ్యిలా వేశాం అని చెప్పుకుంటారు.

ఈ సంగతులన్నీ రాశాక, ఆఖరి ఎన్నికల బూత్ వారీ లెక్క కూడా ఉంటే బాగుంటుందని మేడం అన్నారు. దానికోసం ఎన్నికల ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. అక్కడి గుమాస్తా గారు, లేని సీటుకి లెక్కలేంటమ్మా అని విసుక్కుంటూనే, మూడోసారికి దుమ్ము దులిపి ఒక కట్ట తీసిచ్చారు. మా బూత్ వరస చూశాను. పడిన ఓట్లన్నీ ఒకే అంకె కింద ఉన్నాయి. మిగతా అభ్యర్థులందరికీ సున్నా, సున్నా, సున్నా. చిట్టచివర, ఏ పార్టీ లేని ఒక స్వతంత్ర అభ్యర్థి, కుట్టుమిషను గుర్తు, ఆయన కింద మాత్రం ఒకటి.

ఎంత సంబరపడ్డానో. ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయనిది నాకు దొరికింది. ఊరంతా ఒక్క చెయ్యిలా వేసినచోట, ఒక్కరు తమ వేలితో తాము వేశారు. ఆ ఒక్కరి మీద ఒక పేజీ రాశాను. మేడం ఆ పేజీ క్లాసులో చదివి వినిపించారు. నాకు ఫస్టు క్లాసు వచ్చింది ఆ పేజీ వల్లే అని ఇప్పటికీ నా నమ్మకం.

ఫలితాలు వచ్చిన సాయంత్రం మా నాన్న ఊరంతా లడ్డూలు పంచాడు. మా నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి డబ్బా మూత తీసేవాడు, అంతే. చీకటి పడకముందే పాకలోకి పిలిచారు నన్ను. పెదతాత ప్రాజెక్టు పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట తడిమి, మన సీటు పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. చదవమన్నాడు. చదివాను. చెప్పులు చేత్తో పట్టుకున్న చోట అందరూ నవ్వారు. ఆ అభ్యర్థి ఎవరో, బురదలో ఎక్కడ పడ్డాడో ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. వలలు అల్లుతున్న చేతులు ఆడుతూనే ఉన్నాయి.

ఆ ఊపులోనే నా పేజీకి వచ్చాను. గొంతు పెంచి చదివాను.

ముందు చేతులు ఆగాయి. తరవాత మాటలు ఆగాయి.

"మళ్ళీ చదవమ్మా" అన్నాడు పెదతాత.

సరిగ్గా వినపడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా చదివాను. మా వాళ్ళకి తెలియని విషయం ఇదే. పూర్వం కాగితం ఓట్లని అన్ని ఊళ్ళవీ కలిపేసి లెక్కపెట్టేవారు. ఏ ఊరి ఓటు ఎటు పడిందో ఎవరికీ తెలిసేది కాదు. మెషిన్లు వచ్చాక బూత్ బూత్ లెక్కా కాగితం మీద ఉండిపోతోంది. ఆ ఎన్నికల్లో మా ఊరికి మెషిను కొత్త. పెదతాత అట్టముక్క మీద సీసా మూతలు అంటించి, పైనుంచి మూడోది నొక్కాలని ఇంటింటికీ తిరిగి నేర్పాడు. ఆ లెక్క ఎక్కడో ఉంటుందని ఎవరూ అనుకోలేదు. గెలిచినాయన వచ్చి మీ ఊరంతా నాదే అని దండం పెట్టి వెళ్ళాడు, అంతే.

"ఆ ఎన్నికతోనే కదా మన సీటు పోయింది" అన్నాడొకాయన. ఆ తరవాతే కదా వేటకెళ్ళిన మన బోటొకటి తిరిగి రాలేదు అన్నాడింకొకాయన. ఏరు ఇటు మళ్ళింది కూడా ఆ తరవాతే అన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తెచ్చి ఆ ఒకటి పక్కన పెడుతున్నారు. నాకు నవ్వొచ్చింది. హద్దులు గీసింది కమిషను పెదతాతా, దేశమంతా గీశారు, జనాభాని బట్టి గీశారు, మన ఓటుకీ దానికీ సంబంధం లేదు అని వివరంగా చెప్పాను. పరీక్షలో రాసినట్టు చెప్పాను.

పెదతాత అంతా విన్నాడు. "అవునమ్మా, కమిషనే తీసేసింది. ఆళ్ళ చేత తీయించింది ఎవరు?" అన్నాడు.

ఆ లెక్కలో వేసినవాళ్ళ పేరు ఉండదా అని అడిగాడు. ఓటు వేసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదండి అన్నాను. ఇంత చదివి పేరు కనిపెట్టలేకపోయావా అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

అక్కడికక్కడే తేల్చేశారు. నాలుగు రోజుల్లో అమావాస్య. ఆ రోజు బోట్లు వెళ్ళవు. ఆ ఎన్నికల్లో ఓటు వేసి ఇంకా ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ పొద్దున్నే గంగమ్మ దగ్గరికి రావాలి. ఈసారి ఆడవాళ్ళు కూడా ఎవరికి వారే వల పట్టుకోవాలి. నేను కాదు అని ఒట్టు వెయ్యాలి. వెయ్యలేని ఇంటిని వెలివేస్తారు.

వెలి అంటే నేను చూశాను. నాకు ఆరేడేళ్ళప్పుడు, కట్టుబాటు దాటి బయటి వ్యాపారికి చేపలమ్మిన ఒకాయన ఇంటిని వెలేశారు. ఏ బోటూ ఎక్కించుకోలేదు. కుళాయి దగ్గర వాళ్ళ బిందె పెడితే మిగతా బిందెలు పక్కకి జరిగేవి. వాళ్ళమ్మాయి బళ్ళో నా పక్కనే కూర్చునేది. మా అమ్మ మాట్లాడొద్దంది, నేను మాట్లాడలేదు. ఒకరోజు ఆటోలో సామాను వేసుకుని నిడదవోలు వెళ్ళిపోయారు. ఆయన అక్కడ స్టేషన్ దగ్గర మూటలు మోస్తున్నాడని తరవాత విన్నాం.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతోంది. పాకలో జరిగింది నాకంటే ముందే ఇంటికి చేరింది. నాన్న గట్టు మీదికి వెళ్ళాడని చెప్పింది. సూది ఆపలేదు. నేను విసుగ్గా, ఎవరో పాపం, ఇన్నేళ్ళకి ఇప్పుడు పట్టుకుంటారా అన్నాను.

"నేనే" అంది.

అర్థం కాలేదు.

"నేనేనే. గట్టిగా అరవకు."

అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదట అమ్మకి. నేను కడుపులో ఉన్నాను. పుట్టింట్లో ఉన్నప్పుడు మిషను కుట్టడం నేర్చుకుంది, జాకెట్లు కుట్టేది. పెళ్ళిలో కుట్టుమిషను అడిగితే, చేపలింట్లో కుట్లేంటి అని అత్తవారు నవ్వారట. బూత్‌లోకి వెళ్ళి చూస్తే, మెషిను మీద అన్నిటికంటే కింద ఆ బొమ్మ ఉంది.

"మూడోది మూడోది అని మీ పెదతాత వారం రోజులు బుర్ర తినేశాడు. మూడో దాని మీదే పెట్టాను వేలు. కిందకెళ్ళిపోయింది" అంది. "మెషిను అంత గట్టిగా కూత పెడుద్దని తెలీదు. ఊరంతా వినేసిందనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం వండేశాను."

ఎందుకు వేశావని అడిగాను. ఆయనెవరో తెలీదంది. గెలుస్తాడనీ అనుకోలేదంది. ఆ పెద్ద కాగితంలో తనకి తెలిసిన వస్తువు అదొక్కటే అంది. ఇన్నేళ్ళలో నాన్నకి కూడా చెప్పలేదు. ఒట్టు తాను వెయ్యలేదు, నాన్న వేశాడు. ఆ తప్పిన ఒట్టు నాన్న మీదే ఉందని తెలిసి, ఆయన బోటెక్కిన ప్రతిసారీ గట్టు మీదికి వెళ్ళి నిలబడేది. దిగాక, మనిషే వచ్చాడా అని ముందు ఆయన కాళ్ళు చూసేది. అమ్మ గట్టు మీద నిలబడడం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. ప్రేమ అనుకునేదాన్ని.

"ఒప్పేసుకుంటాను" అంది. "మళ్ళీ అబద్ధపు ఒట్టు వేస్తే అది ఆయన మీదే పడుద్ది. ఒక్కటైతే ఇన్నేళ్ళు ఓర్చుకుంది గంగమ్మ. రెండోది ఓర్చుకోదు."

ఒప్పుకుంటే వెలి. నాన్నకి బోటులో చోటు పోతుంది. ఇల్లు వదిలి ఎటో వెళ్ళాలి. రాజమండ్రిలో ఎమ్మే చదువుదామనుకున్న నా సంగతి ఆ పక్కన ఎంతపాటిది. నేనేమో ఆ నాలుగు రోజులూ నమ్మకాలు, చట్టం, రహస్య ఓటు అంటూ అమ్మకి పాఠం చెబుతూనే ఉన్నాను. ఆవిడ వింటూనే ఉంది. సూది ఆడుతూనే ఉంది.

ఆ నాలుగు రోజులూ ఊరు ఊరిలా లేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసి తలలు దించుకునేవారు. ఆటో నడిపే ఒకాయన ఎప్పుడూ పెద్దల మాటకి ఎదురు చెప్పే మనిషి. ఆయన ఆటో ఎవరూ ఎక్కడం మానేశారు. నేను వద్దన్నా వినకుండా పెదతాత రెండుసార్లు మా ఇంటికొచ్చి పుస్తకం తిరగేసి పోయాడు. మూడో రోజు పట్టపగలు, గాలి కూడా లేదు, మా ముందు వరసలో కొబ్బరి చెట్టొకటి ఇసుకతో సహా జారి ఏట్లోకి వాలిపోయింది. చప్పుడుకి అందరం బయటికొచ్చాం. చెట్టు వైపు ఎవరూ చూడలేదు. ఎవరు చూస్తున్నారా అని ఒకరినొకరు చూసుకున్నారు.

అమావాస్య నాడు పొద్దున్న గంగమ్మ ముందు వల పరిచారు. కొత్తది కాదు, వాడుతున్నదే. తడి ఆరలేదు. పెదతాత తానే ముందు పట్టుకున్నాడు. తరవాత ఒక్కొక్కరూ వస్తున్నారు. అమ్మ వరసలో ఉంది. ఆవిడకి ముందు ఇంకా ఆరుగురున్నారు, ఐదుగురున్నారు. నాన్న అవతలి వైపు ఏమీ తెలియకుండా నిలబడ్డాడు.

నలుగురున్నప్పుడు నేను ముందుకి వెళ్ళాను. తప్పు నాదే పెదతాతా అన్నాను. అది పాత కాగితం, మడత పడిన చోట గీత ఉంది, సున్నా మీద ఆ గీత చూసి ఒకటనుకున్నాను, మన ఊళ్ళో ఎవరూ తప్పలేదు అన్నాను. ముందే అనుకున్న మాటలే. తల దించుకుని వల వైపు చూస్తూ చెప్పాను. అది నిజం చెబుతున్న సిగ్గులా కనిపించి ఉంటుంది.

పెదతాత పుస్తకం అడిగాడు. తనకి చదువు రాకపోయినా ఆ పేజీ ఏదో గుర్తుంది. తీశాడు.

"సున్నాకీ ఒకటికీ తేడా తెలీనిదానికి ఫస్టు క్లాసు ఎలా ఇచ్చారమ్మా?" అన్నాడు.

కొందరు నవ్వారు. తరవాత చాలామంది నవ్వారు. లడ్డూలు తిరిగిచ్చెయ్యాలేమో అన్నాడు ఎవరో. నాలుగు రోజులుగా బిగిసిపోయిన ఊరు నా మీద నవ్వి వదులైంది. అంతమందిలో నా చదువు అలా పోవడం నాకు బాధే. కానీ లోపల అంతకంటే పెద్ద సంతోషం ఉంది. అయిపోయింది అనుకున్నాను. నాన్న కూడా నవ్వాడు, పర్లేదు తల్లీ అన్నట్టు చెయ్యి ఊపాడు. పెదతాత పెన్ను తెప్పించి, అందరి ముందూ ఆ ఒకటిని సున్నా చెయ్యమన్నాడు. చేశాను.

"సరే. ఇప్పుడు ఆ మాటే వల పట్టుకుని చెప్పు" అన్నాడు.

ఇది నేను అనుకోలేదు. వంగి అంచు పట్టుకున్నాను. తడి నైలాను, ఉప్పు వాసన. ఆయన వెంటనే చెప్పనివ్వలేదు. "నీకింకా పెళ్ళి కాలేదు. నీ ఒట్టు నీ తండ్రి మీదుంటది. తెలుసుగా?" అన్నాడు.

అమ్మ వైపు చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది, వద్దని. ఎంత చిన్నగా ఊపుతోందంటే నాకు తప్ప ఎవరికీ కనపడలేదు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. డిగ్రీ చదివాను. చెప్పేశాను.

ఆ తరవాత ఇంకెవరినీ వల పట్టుకోమనలేదు.

అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నాన్న బోటెక్కాడు. ఆవిడ గట్టు మీదికి వెళ్తుంటే నేను కూడా వెనకాలే వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆ సాయంత్రం నాన్న దిగినప్పుడు నేను ముందు ఆయన కాళ్ళే చూశాను.

నేనిప్పుడు రాజమండ్రిలో ఎమ్మే చదువుతున్నాను. ఇది కూడా మా ఊళ్ళో మొదటిదే, చెప్పకుండా ఉండలేను. హాస్టల్లో రోజూ సాయంత్రం అమ్మ ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది, నాన్న దిగాడని. దానికోసమే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాను. నియోజకవర్గాలు మళ్ళీ మారతాయని టీవీలో విని, మన సీటు తిరిగొస్తుందా అని పెదతాత నాకే ఫోన్ చేయిస్తుంటాడు. సున్నాల సంగతి ఎలా ఉన్నా, సీటు సంగతి నాకే తెలుస్తుందని ఆయన నమ్మకం.

ఇవాళ మధ్యాహ్నం ఆయన మనవరాలు ఫోన్ చేసింది. సంతోషం పట్టలేక మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. నా కాలేజీలోనే, నేను చదివిన గ్రూపులోనే సీటొచ్చిందట. మా ఊరి నుంచి రెండో డిగ్రీ. నేను కూడా అంతే సంతోషంగా అరిచాను. అప్పుడు అంది, "అక్కా, మీ ప్రాజెక్టు లైబ్రరీలో పెట్టారంట. మేడం అందరికీ అదే చూపించారు. తాతకి తీసుకెళ్ళి చదివి వినిపిస్తాను, ఎన్నికల ఆఫీసు కాగితాల జెరాక్సు కూడా ఉందంటగా వెనకాల."

ఉంది. కాలేజీకిచ్చిన కాపీకి మాత్రం నేనే జత చేశాను. మడత లేదు, గీత లేదు. ఒకటి స్పష్టంగా ఉంది.

చదువమ్మా అన్నాను. చదువుకోవద్దని ఏ నోటితో అంటాను.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. వెనకాల గాలి చప్పుడు వినిపిస్తోంది, గట్టు మీదే ఉన్నట్టుంది.

"చదవనీలే" అంది. కాసేపటికి, "మీ నాన్న ఇంకా దిగలేదు" అంది.